ముందు గుర్తు, తర్వాత అక్షరం

ఆ ఏడు మామిడి పూత ఆలస్యంగా వచ్చింది. కంప్యూటరు మాత్రం చెప్పిన రోజుకే వచ్చింది. నూజివీడులో మామిడి వర్తకుల సంఘం ఆఫీసు ముందు మినీలారీ ఆగినప్పుడు, దాని లోపల వరిగడ్డి పరుపు మీద రెండు అట్టపెట్టెలు కదలకుండా పడుకుని ఉన్నాయి. గడ్డి పరవమని విజయవాడకు కబురు చేసినవారు సంఘం ప్రెసిడెంటుగారు. ఆయనది మూడు తరాల మామిడి వ్యాపారం. ఏ వస్తువైనా దెబ్బ తగలకుండా ఊరు చేరాలంటే దాని కింద గడ్డి ఉండి తీరాలన్నది ఆయన నమ్మకం. ఎనభైల చివరి సంవత్సరాల మాట ఇది. అప్పటికి మా ఊళ్ళో కంప్యూటరును కళ్ళారా చూసినవారు చాలా తక్కువ.

ఆ యంత్రాన్ని నడపడానికి నన్ను అప్పటికే ఉద్యోగంలోకి తీసుకున్నారు. నేను లెక్కలలో డిగ్రీ పూర్తి చేసి, విజయవాడలో ఆరు నెలలు కంప్యూటరు కోర్సు చదివాను. మా వంశంలో డిగ్రీ మాట అటుంచి, పదో తరగతి దాకా వెళ్ళినవారు కూడా నాకు ముందు లేరు. నాన్న చాట్రాయి దగ్గరి తోటల్లో కాయలను పెట్టెలకెత్తే పని చేసేవాడు. సొన పడి కాలిన మచ్చలు ఆయన ముంజేతుల మీద మణికట్టు నుంచి మోచేతి దాకా ఉండేవి. నేను ఇస్త్రీ చొక్కాకు మెడ గుండీ కూడా పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళేవాణ్ణి. ఎవరైనా ప్రశ్న అడిగితే పుస్తకంలో ఉన్న వరుసలోనే జవాబు చెప్పేవాణ్ణి. చదువు నాకు ఆస్తి. ఆస్తి కొత్తగా వచ్చినవాడికి దాని హద్దుల వెంట రోజూ ఒకసారి నడిచి రావడం అలవాటు.

ఆఫీసులో కిటికీ పక్క బల్ల మీద ఒక తెలుగు టైపురైటరు ఉండేది. దాని ముందు కూర్చునే ఆవిడను అందరూ టైపు అక్కయ్యగారు అనేవారు. వయసు నలభైకి లోపు. ఆవిడ భర్త ఊరి చివర ఒక చిన్న గుడిలో అర్చకులు. ఆ గుడికి మాన్యమంటూ ఏమీ మిగలలేదు. హారతి పళ్ళెంలో పడేదానితో ఇల్లు గడవదు. చదువుకుంటున్న ఇద్దరు పిల్లలతో సహా ఆ ఇల్లు ఆవిడ వేళ్ళ మీదే నడిచేది. తొమ్మిదేళ్ళుగా ఆవిడ దినకూలీ టైపిస్టు. చాట్రాయి, చింతలపూడి వైపు రైతులకూ వర్తకులకూ సంఘం పంపే సర్క్యులర్లన్నీ ఆవిడే స్టెన్సిలు కాగితం మీద కొట్టేవారు. దాన్ని సైక్లోస్టైలు మిషనుకు తగిలించి వందల ప్రతులు తీసేవారు. స్టెన్సిలు మీద తప్పు పడితే పూసి దిద్దడానికి ఒక ఎర్ర మందు ఉంటుంది. అక్కయ్యగారి బల్ల మీది మందు సీసా మూత బిగుసుకుపోయి, తిప్పినా రాదని ఆఫీసులో గొప్పగా చెప్పుకునేవారు. నేనూ ఒకసారి తిప్పి చూశాను. నిజంగానే రాలేదు.

యంత్రం వచ్చిన వారానికి ప్రెసిడెంటుగారు మా ఇద్దరినీ పిలిచారు.

"ఏమ్మా, ఈ సీజను మధ్యలో టైపురైటరు తీసేస్తాం. కమిటీలో తీర్మానం అయిపోయింది. ఇక అన్నీ దీని మీదే. కంప్యూటరు ఆపరేటరని ఒక పర్మనెంటు పోస్టు పెడుతున్నాం. బయటి నుంచి మాస్టారొకరు వచ్చి పరీక్ష పెడతారు. పది నిమిషాల్లో ఒక పేజీ తెలుగు కొట్టాలి. కొడితే పోస్టు నీదే. తొమ్మిదేళ్ళ నుంచి ఉన్నావని మొదటి అవకాశం నీకే అడిగి తెచ్చాను."

"కొట్టలేకపోతేనండీ?"

"నువ్వు కొట్టలేకపోవడమేంటి, నీ చేతులు నాకు తెలియవా?" అని ఆయన నవ్వి నా వైపు తిరిగారు. "అందులో తెలుగు పెట్టే పూచీ నీది. ఏమయ్యా డిగ్రీ, పెడతావా?"

"పెడతానండీ," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. కొట్టలేకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు గానీ మా ముగ్గురికీ తెలుసు. టైపురైటరు లేని ఆఫీసులో దినకూలీ టైపిస్టు ఉండదు.

విజయవాడలో మాకు పాఠం చెప్పిన లెక్చరరుగారు నేను సెలవు తీసుకుంటున్నప్పుడు ఒక ఫ్లాపీ ఇచ్చి ఉన్నారు. అందులో ఉత్తరాలు, వ్యాసాలు రాసుకునే ప్రోగ్రాము ఒకటి ఉంది. అమ్ముకునే ప్రోగ్రాముల లోపల ఏముందో కొన్నవాడికి తెలియదు. ఇది అలాంటిది కాదు. లోపలి వాక్యాలన్నీ చదువుకోవడానికి వీలుగా విప్పి పెట్టి ఉంది. మొదటి పేజీలో, దాన్ని రాసిన విదేశీయుడెవరో ఇంగ్లీషులో నాలుగు మాటలు రాశాడు. దీన్ని ఎవరైనా తీసుకోవచ్చునని, మార్చుకోవచ్చునని, అడిగినవారికి ఇవ్వవచ్చునని. మార్చినవారు ఏం మార్చారో, ఎందుకు మార్చారో ఆ కిందనే రాసి ముందుకు పంపాలని. కింద నిజంగానే వాక్యాలు ఉన్నాయి. ఒకరు తమ భాషలో అక్షరాల నెత్తిన పెట్టే చుక్కలను చేర్చారు. మరొకరు కజక్ అనే భాషకు కీబోర్డు అమరిక చేర్చారు. తమ భాషకు ప్రత్యేకమైన తొమ్మిది అక్షరాలను పై వరుసలో అంకెల చోట పెట్టానని, తమ టైపిస్టుల వేళ్ళు వాటిని అక్కడే వెతుకుతాయని ఆయన రాసుకున్నారు.

కజక్ అనే భాష ఒకటి ఉన్నదని నాకు ఆ రోజే తెలిసింది. స్కూలు రోజుల అట్లాసు తెరిచి, సోవియట్ దేశపు పటంలో ఆ ప్రాంతాన్ని వెతికి పట్టుకున్నాను. మా జిల్లా వంటివి వందలు పట్టేంత పెద్దదిగా కనిపించింది. అంత దూరపు మనిషి వేలు పెట్టిన కాగితం నా చేతిలోకి రావడం ఆశ్చర్యంగా ఉండింది. అదే సమయంలో, అంకెలను వాటి చోటు నుంచి లేవగొట్టడం ఏం పద్ధతి అని కూడా అనుకున్నాను.

ప్రోగ్రామంతా అచ్చు తీశాను. పక్కల చిల్లులున్న మడత కాగితం మోయలేనంత వచ్చింది. దాన్ని ఇంటికి తీసుకువెళ్ళి, ఎర్ర పెన్సిలు పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాను. మా యంత్రంలో చోటు బహు తక్కువ. తెలుగు అక్షరాల బొమ్మలకే అందులో చాలా భాగం పోతుంది. అందుకని మనకు అక్కర్లేదని తోచిన పేజీల మీద అడ్డంగా గీత కొట్టాను. విదేశీ అక్షరాల నెత్తి గుర్తుల కోసం ఉన్న నాలుగు పేజీల భాగం మొత్తానికి మొత్తం కొట్టేశాను. మరునాడు ఫ్లాపీలోనూ తుడిచేశాను. కలుపు తీసిన మడిని చూసినంత తృప్తి కలిగింది. తుడిచే ముందు మరో ఫ్లాపీ మీద నకలు పెట్టుకోవాలన్న జ్ఞానం అప్పటికి నాకు లేదు.

ఆ తర్వాత గళ్ళ కాగితం మీద ఒక్కొక్క అక్షరాన్నీ చుక్కలు చుక్కలుగా గీసి, ఆ చుక్కలను అంకెలుగా మార్చి యంత్రానికి ఇచ్చాను. రెండు నెలల పని. "శ" వంకర కుదరక ఒక వారం పట్టింది.

కీల అమరిక విషయంలో నాకు ఒక సిద్ధాంతం ఉండేది. టైపురైటరును చూస్తే అక్షరాలు చల్లిన గింజల్లా కనిపించేవి. ఏది దేని పక్కన ఎందుకుందో తెలియదు. నేను పలక మీద దిద్దుకున్న వరుసనే పెట్టాను. క పక్కన ఖ, ఖ పక్కన గ. కొట్టే పద్ధతి కూడా బడిలో నేర్చినట్లే: కకు గుడిస్తే కి. ముందు అక్షరం, తర్వాత గుర్తు. గుర్తు కీ నొక్కగానే అది అంతకు ముందు వచ్చిన అక్షరానికి తగులుకుంటుంది. గుణింతం తప్పు లేకుండా అప్పచెప్పినందుకే చిన్నప్పుడు మాస్టారు నన్ను వెనక వరుస నుంచి ముందు వరుసకు పిలిచి కూర్చోబెట్టారు. నన్ను ఇంత దూరం తెచ్చిన క్రమం అది. దానికి మించిన క్రమం మరొకటి ఉంటుందని నాకెందుకు తడుతుంది?

ప్రెసిడెంటుగారికి అది బాగా నచ్చింది. బజారులోని వర్తకులను ఇద్దరిని ముగ్గురిని వెంటబెట్టుకొచ్చి, "చూశారా, మన కుర్రాడు సైంటిఫిక్‌గా చేశాడు. అఆలు వచ్చినవాడెవడైనా కొట్టచ్చు," అని చూపించేవారు. నేను ఒక్కొక్క కీ నొక్కి వర్ణమాల మొత్తం తెర మీదికి తెచ్చేవాణ్ణి.

అక్కయ్యగారు మొదటిసారి కూర్చున్న రోజు బజారులో రసాలు అప్పుడే దిగుతున్నాయి. ఆవిడ కొంగుతో కీబోర్డు తుడిచి, కళ్ళకద్దుకుని, వేళ్ళు ఉంచారు.

"క ఎక్కడ బాబూ?"

"మొదటిదేనండీ. ఎడమ చివర."

"ఎడమ చిటికెన వేలికా? పొద్దస్తమానం క కొట్టాలి. ఆ చాకిరీ అంతా దీనికేనా, పాపం!"

ఆవిడ చూపు కాగితం మీద నిలిపి ఒక వాక్యం కొట్టారు. కీల కోసం వెతుక్కుంటూ కొట్టినా, కొట్టే వరుస మాత్రం పాత అలవాటే. తెర చూశాక ఆవిడకు నవ్వు ఆగలేదు. గుడులూ ఏత్వాలూ ఒత్తులూ ఒక్కటీ వాటి చోట లేవు. ప్రతి గుర్తూ ఒక అక్షరం వెనక్కి జరిగి కూర్చుంది.

"ఇదేంటి బాబూ, ఒకరి బొట్టు తీసుకెళ్ళి ఇంకొకరి నుదుట పెట్టింది!"

"అక్షరం కొట్టాకే గుర్తు కొట్టాలండీ. గుణింతం మనం అలాగే కదండీ చదువుకున్నాం?"

"చదవడం అలాగే చదువుకున్నానండీ. కొట్టడం అలా నేర్చుకోలేదు."

"అలవాటైపోతుందండీ. ఒక్క నెల."

"పరీక్ష కూడా నెలకే."

"అయితే సరిపోతుందిలెండి," అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే చిరాకు కలుగుతుంది. వినేవారి బతుకు వేలాడుతున్న చోట "సరిపోతుందిలెండి" అనడానికి మనిషికి కొంత అజ్ఞానం కావాలి. అది నాకు పుష్కలంగా ఉండేది. డిగ్రీ కింద కప్పి ఉండటం వల్ల కనపడలేదు.

ఆవిడ పొద్దున్నే, గుడిలో భర్తకు నైవేద్యం అందించి, అందరికంటే గంట ముందు వచ్చి కూర్చునేవారు. మధ్యాహ్నం క్యారేజీ విప్పకుండా మళ్ళీ కూర్చునేవారు. నేను గడియారం పట్టుకునేవాణ్ణి. మొదటి పేజీకి గంట దాటింది. పద్దెనిమిది రోజుల సాధన తర్వాత కూడా అరగంటకు తగ్గలేదు. ఆవిడ ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అందువల్ల నేను తప్పు వయసుదని, అలవాటుదని, ఇంగ్లీషు చదువు లేకపోవడానిదని ఒక్కొక్క రోజు ఒక్కొక్క దాని మీద వేసుకుంటూ వచ్చాను.

అప్పుడే సీజను ముదిరి, చింతలపూడి వైపు లారీల వేళలు మారాయని అర్జంటుగా ఒక సర్క్యులరు పంపాల్సి వచ్చింది. అది ఇంకా టైపురైటరు మీదే చేస్తున్న పని. ఆవిడ స్టెన్సిలు ఎక్కించి కొట్టడం మొదలుపెట్టారు. కాసేపటికి ఆ చప్పుడు ఆగిపోయింది. ఆఫీసులో అందరం తలెత్తాం. ఆ చప్పుడు మధ్యలో ఆగడం మాకెవరికీ అలవాటు లేదు.

ఆవిడ లేచి నా బల్ల దగ్గరికి వచ్చారు. చేతిలో ఎర్ర మందు సీసా ఉంది.

"ఇది కాస్త తిప్పి పెట్టండి బాబూ."

నేను జేబురుమాలు చుట్టి బలంగా తిప్పాను. ఈసారి మూత వచ్చింది. లోపల మందు ఏనాడో ఎండి, ఇటుక ముక్కలా గట్టిపడి ఉంది. ఆవిడ దాన్ని వంచి చూశారు. తర్వాత స్టెన్సిలు తెచ్చి నా ముందు పెట్టారు. ఒక్క వరుసలో నాలుగు తప్పులు. ప్రతి తప్పులోనూ అక్షరం ముందు పడింది, గుర్తు వెనక పడింది. నేను నేర్పిన పద్ధతి.

"మీ మిషను నాకు రాకపోతే రాకపోయిందండీ," అన్నారు ఆవిడ, ఎవరికీ వినపడనంత చిన్నగా. "ఉన్న చేతులు కూడా పోతున్నాయి."

నేను చదివిన పుస్తకంలో ఆ ప్రశ్నే లేదు. స్టెన్సిలు పక్కకు జరిపి, "మీ మిషను మీద ఒక్కసారి నెమ్మదిగా కొట్టి చూపించండి అక్కయ్యగారూ. నేను చూస్తాను," అన్నాను.

"మూణ్ణెల్ల నుంచి పక్కనే కూర్చున్నారు. ఇవాళ అడిగారు," అని ఆవిడ మామూలు కాగితం ఎక్కించారు.

నేను స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, అంతవరకూ ఒక తెలుగు టైపురైటరు పని చేస్తుండగా దగ్గర నుంచి చూడలేదు. ఇంగ్లీషు టైపు లోయరు పాసైనవాణ్ణి. తెలుగు టైపు చూడదగిన విద్య అనుకోలేదు. ఆవిడ ఒక గుర్తు కీ కొట్టారు. కాగితం మీద గుర్తు పడింది గానీ కాగితాన్ని మోసే బండి కదలలేదు. తర్వాత అక్షరం కొట్టారు. అది సరిగ్గా ఆ గుర్తు కిందికి వచ్చి కూర్చుంది. అప్పుడు బండి ఒక అడుగు జరిగింది.

"గుర్తు ముందు వెళ్ళి చోటు పట్టుకుంటుందండీ. అక్షరం వచ్చాక ఇద్దరూ కలిసి కదుల్తారు."

"అక్షరమే ముందు వెళ్తే?"

"బండి వెళ్ళిపోతుంది కదండీ! ఇక ఆ గుర్తు ఎవరి నెత్తిన పడాలి?"

ఆ తర్వాత ఆవిడ వేళ్ళను గమనించాను. తెలుగులో మాటిమాటికీ వచ్చే అక్షరాలన్నీ బలమైన వేళ్ళ కిందే ఉన్నాయి. ఎప్పుడో గానీ రానివి చిటికెన వేళ్ళకు దూరంగా ఉన్నాయి. నేను చల్లిన గింజలనుకున్నది ఎవరో వేళ్ళ బలాబలాలు తూచి నాటిన తోట. మొదటి పేజీలోని కజక్ వాక్యం అప్పుడు నాకు గుర్తుకు వచ్చింది. తమ టైపిస్టుల వేళ్ళు వాటిని అక్కడే వెతుకుతాయి. నేను అంకెల గురించి బాధపడ్డాను. ఆ మనిషి వేళ్ళ గురించి ఆలోచించాడు.

మరో సంగతి కూడా గుర్తుకు వచ్చింది. నేను తుడిచేసిన నాలుగు పేజీలలో ఉన్నది ఇదే. ఆ విదేశీ భాషలవారు కూడా నెత్తి గుర్తు ముందు నొక్కి, అక్షరం తర్వాత నొక్కుతారు. ముందు వచ్చిన గుర్తును పట్టి ఉంచి, వెనక వచ్చే అక్షరానికి అప్పగించే పద్ధతి ఆ పేజీలలో సిద్ధంగా ఉంది. మనకు అక్కర్లేనిదని కలుపు తీసినట్లు తీసేశాను.

పరీక్షకు పన్నెండు రోజులే ఉంది. లెక్చరరుగారి కాలేజీకి ట్రంకుకాల్ చేస్తే, ఆయన ఏదో శిక్షణకు ఉత్తరాదికి వెళ్ళారని, వానలు పడ్డాక గానీ రారని చెప్పారు. ఇక మిగిలింది ఇంట్లోని అచ్చు ప్రతి. గీత కొట్టినా కింద అక్షరాలు చదవవచ్చు. చూసి మళ్ళీ ఎక్కించుకోవచ్చు.

ఆదివారం పొద్దున గూట్లో కాగితాల కట్ట దించి చూశాను. ఎర్ర గీతలున్న పేజీ ఒక్కటి కూడా లేదు. తోటలో పాక కింద పెట్టెలు కడుతున్న నాన్న దగ్గరికి వెళ్ళాను.

"నాన్నా, గూట్లో ఎర్ర గీతల కాగితాలు ఏమయ్యాయి?"

"అవా? పెట్టెలకేశాను."

"ఏ పెట్టెలకు?"

"మొన్న బేస్తవారం లారీకి రసాలు పోయినయ్ చూడు, వాటికి. అడుక్కి కాగితం చాల్లేదు. ఎర్ర గీత కొట్టింది పనికిరాందని నువ్వే చెప్పావు గదరా."

చెప్పాను. ఆ గీతలెందుకని ఆయన అడిగిన రోజున, చదువు చెబుతున్నవాడిలా కూర్చుని చెప్పాను.

"గీత లేనియ్ ఒక్కటి కూడా ముట్టుకోలేదురా," అన్నాడు నాన్న, నా ముఖం చూసి. "చదువుకున్నోడి కాగితం, పోతే మళ్ళీ రాదని చూసి చూసి ఏరాను. అవసరమైందా అది?"

"అవసరమే."

"మరి గీతెందుక్కొట్టావు?"

"అది ఎందుకుందో తెలియక."

"తెలియందాన్ని ఓ పక్కన పెట్టుకుంటాం గానీ కొట్టేస్తామట్రా!" అని ఆయన మళ్ళీ పనిలో పడ్డాడు. అందులో కోపం లేదు. కాయ మీద మచ్చ చూసి పక్కకు తీసినట్లు అన్నాడు.

ఏం చేయాలో తోచక నేనూ ఒక పెట్టె దగ్గర కూర్చుని చేయి వేశాను. ధ్యాస ఎక్కడో ఉండి, కాయ ముందు పెట్టి, పక్కన గడ్డి కుక్కబోయాను. నాన్న నా చేయి పట్టుకుని ఆపాడు.

"ముందు గడ్డిరా. గూడు చెయ్. అప్పుడు కాయ దించు. కాయ పెట్టాక గడ్డి తోస్తే కాయ నలుగుద్ది."

చిన్నప్పుడు ఎన్ని సెలవుల్లో చేసిన పనో అది. నేను లేచి, చేతులకంటిన గడ్డి దులుపుకుని, సైకిలెక్కి నూజివీడు వెళ్ళాను. ఆఫీసు తాళం తెరిపించి కూర్చున్నాను. ఏ ఊళ్ళోనో రసం జుర్రుకున్నవారెవరో పెట్టె అడుగున ఆ పేజీలు చూసి, పారేసి ఉంటారు. ఇక వాటి కోసం చూడనక్కర్లేదనిపించింది. గుర్తు వస్తే పట్టి ఉంచాలి. అక్షరం వచ్చేదాకా కదలకూడదు. వచ్చాక రెండింటినీ ఒక చోట దించి, అప్పుడు కదలాలి. నాలుగు పేజీల అవసరం లేదు. సాయంత్రానికి అరపేజీలోనే అది పూర్తయింది. ఎవరిదో చూసి రాసి ఉంటే నాకు అది ఎప్పటికీ అర్థమయ్యేది కాదేమో.

మర్నాడు అక్కయ్యగారు తన మిషను ముందు కూర్చుని ఒక్కొక్క కీ పేరు చెబుతుంటే నేను రాసుకున్నాను. కంప్యూటరు కీల మీద నేను అంటించిన వర్ణమాల ముక్కలను గోటితో గీకి తీసి, కొత్త ముక్కలు బంకతో అంటించాను. ఆవిడ కూర్చుని ఒక గుర్తు కొట్టారు. వెంటనే చేయి తీశారు.

"కొట్టిన గుర్తు కనపడదేంటి బాబూ?"

"లోపల ఆగి ఉందండీ. అక్షరం వచ్చాక రెండూ కలిసి కనపడతాయి."

"కాగితం మీదైతే అప్పటికప్పుడే కనపడేది."

"నాకు అంతవరకే చేతనైంది అక్కయ్యగారూ."

ఆవిడ ఖాళీ తెర వైపు కాసేపు చూశారు. "సరేలెండి. కనపడకపోయినా లోపల ఉన్నాడని నమ్మాలి. మా ఆయన రోజూ చేసే పనే కదా!" అని అక్షరం కొట్టారు. రెండూ కలిసి తెర మీదికి వచ్చాయి. ఆవిడ మళ్ళీ కొట్టారు. మరో పది నిమిషాలకు ఆఫీసులో ఆ పాత వేగం వినిపించింది. చప్పుడు మాత్రం మెత్తగా ఉంది.

ప్రెసిడెంటుగారికి సంగతి తెలిసి నన్ను పిలిపించారు. "ఏమయ్యా, బజారందరికీ చూపించింది మార్చేశావంట! పాత మిషను వరుసే మళ్ళీ పెట్టడానికి నీ డిగ్రీ ఎందుకయ్యా?"

"ఆవిడకు తెలిసింది నాకు తెలియదండీ. అది తెలుసుకోవడానికి పనికొచ్చిందండీ."

"రేపు ఆ మాస్టారొచ్చి, ఇదేం కంప్యూటరని నవ్వితే?"

"నవ్వు నా మీదికే వస్తుందండీ."

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, "వస్తే నేను ఆపనులే," అన్నారు. ఆ తర్వాత వర్తకులను వెంటబెట్టుకు రావడం మానేశారు. నేను ఆ ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ "సైంటిఫిక్" అన్న మాట మళ్ళీ ఆయన నోట వినలేదు. దానికి బాధ కలగలేదంటే అబద్ధం.

పరీక్ష రోజున వచ్చిన మాస్టారు జుట్టు నెరిసిన పెద్దమనిషి. ఒక పేజీ చేతికిచ్చి గడియారం చూసుకున్నారు. అక్కయ్యగారు కీబోర్డు కళ్ళకద్దుకుని మొదలుపెట్టారు. వరుస చివరికి వచ్చేసరికి ఆవిడ ఎడమ చేయి గాలిలోకి లేచి, అక్కడ లేని మీటను తోసి, మళ్ళీ దిగింది. ప్రతి వరుసకూ అంతే. బండి తోసే అలవాటు. మాస్టారు ఆ చేతిని చూస్తున్నారు. పది నిమిషాలకు ఇంకా కొంత మిగిలి ఉండగానే ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

మాస్టారు పేజీని రెండుసార్లు చదివారు. "ఒక్క తప్పుంది," అన్నారు. తర్వాత కీబోర్డు మీదికి వంగి, "ఈ వరుస ఎవరు పెట్టారు?" అని అడిగారు.

"నేనేనండీ," అన్నాను, నవ్వుకు సిద్ధపడి.

"దీని ఫ్లాపీ ఒకటి ఇస్తారా? మా ఆఫీసులోనూ ఇద్దరు టైపిస్టులున్నారు. కంప్యూటరంటే ఏడుస్తున్నారు."

ఇవ్వడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు; మొదటి పేజీలోనే ఆ మాట రాసి ఉంది. కానీ నియమం ప్రకారం ముందు నా వాక్యం నేను రాయాలి. కజక్ వాక్యం కిందికి వచ్చి చాలాసేపు కూర్చున్నాను. తెలుగుకు అమరిక చేర్చానని, అది మా టైపురైటరు వరుస అని, గుర్తు ముందు వస్తుందని రాశాను. దీనిలోని ఒక భాగాన్ని ఎందుకుందో తెలియక తీసేసి, తెలిశాక సొంతంగా రాసుకున్నానని కూడా రాశాను. పక్కన మీ పేరు కూడా వేస్తానని అక్కయ్యగారిని అడిగితే ఒప్పుకోలేదు. "నాదేముందండీ, నేర్చుకున్నది కొట్టాను," అన్నారు. ఆ ఫ్లాపీ మాస్టారి వెంట వెళ్ళింది. అక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళిందో నాకు తెలియదు.

ఉద్యోగపు ఆర్డరు ఆ వారంలోనే వచ్చింది. వచ్చిందంటే, కమిటీ ఒప్పుకుని, దాన్ని టైపు చేయించమని ప్రెసిడెంటుగారు చెప్పారు. ఆఫీసులో టైపు చేసేది ఒక్కరే. ఆవిడ ఆర్డరును ఆవిడే కొట్టుకోవాలి. ఆయన కుర్చీ వెనక నిలబడి చెబుతుంటే అక్కయ్యగారు కొడుతున్నారు. సంఘం పేరు, తీర్మానం సంగతి వరుసగా తెర మీదికి వచ్చాయి. పోస్టు పేరు వచ్చింది. తర్వాత ఆవిడ పేరు రావాలి. ఆ పేరులో మొదటి అక్షరానికే గుర్తు ఉంది. ఆవిడ వేలు కీ మీద పడటం నేను చూశాను. తర్వాత చేయి ఆగిపోయింది. తెర మీద ఆ చోటు ఖాళీగా ఉంది.

"ఏమ్మా, ఆగిందేంటి? మిషను పాడైందా?" అన్నారు ప్రెసిడెంటుగారు కంగారుగా.

"లేదండీ," అన్నారు ఆవిడ తెర వైపే చూస్తూ. "గుర్తు వెళ్ళి కూర్చుంది. అక్షరం వస్తోంది."

కొంగుతో కళ్ళు ఒత్తుకుని, చూపుడు వేలు దించారు.